ఒక ఏడాది మాఫీ

కర్నూలు రోడ్డు మీద బండలారీ పోయినప్పుడల్లా
నా నెట్ సెంటర్ అద్దం పళ్ళు కొరుకుద్ది.
మానిటర్ మీద దుమ్ము తుడిస్తే
వేలికి రాయి అంటుకుంటుంది.
చీమకుర్తిలో ఏది ముట్టుకున్నా అంతే.

ఆప్షన్లకు ఇవాళ ఆఖరి రోజు.
పొద్దుట్నించీ పిల్లలు, వాళ్ళ వెనకాల
చెప్పులు బయట విప్పాలా వద్దా అని
గడప కాడ ఆగిపోయే నాన్నలు.
అందరిదీ ఒకటే మాట:
"ఖాజా అన్నా, సీటు వచ్చిద్దా? ఛాన్స్ ఎంత?"

నేను అందరికీ డెబ్బై అంటా.
నూరంటే పూచీ పడాల.
యాభై అంటే ఆ పిల్లోడు రాత్రికి అన్నం తినడు.
డెబ్బై మంచి అంకె.
వస్తే నా నోటి చలవ,
రాకపోతే మిగతా ముప్పై ఉండనే ఉంది.

నాకెవరూ డెబ్బై అనలా.
డిగ్రీ రెండేళ్ళు చదివి మానేశా.
ఆ రెండేళ్ళూ ఏ ఫారంలో రాయాలో
ఇన్ని ఫారాలు నింపినా గడి దొరకలా.

కరెంటు పోయి వచ్చింది. అప్పుడొచ్చింది కెజియా.
ఒంగోల్లో పాలిటెక్నిక్, సివిల్, మూడేళ్ళు.
చేతిలో ఈసెట్ ర్యాంకు కార్డు.
వెనక వాళ్ళ నాన్న యేసోబు,
క్వారీలో వైరు కోత మనిషి,
స్నానం చేసొచ్చినా కనుబొమల్లో ఇంకా బూడిద రంగు.

నోరు తెరవకముందే
"డెబ్బై అనబాకన్నా" అంది.
సంచీలోంచి నోటు పుస్తకం తీసింది.
మూడేళ్ళ ఆఖరి ర్యాంకులు, కాలేజీ కాలేజీకీ,
ఆడపిల్లలకు వేరే వరస,
అనుమానం ఉన్నచోట పెన్సిలు చుక్క.
నెల్లూరు మన పక్కనే ఉన్నా దాని లెక్క వేరే అనీ,
మనల్ని శ్రీకాకుళం దాకా ఒకే గంపలో పోస్తారనీ
నాకే చెప్పింది.
పదేళ్ళుగా ఈ కుర్చీ అరగదీసినోణ్ణి,
మౌస్ పట్టుకుని ఊరుకున్నా.

యేసోబు గొంతు సవరించుకున్నాడు.
"నేరుగా రెండో సంవత్సరంలో కూర్చోబెడతారంటగా?"
"అవునన్నా. ముందే చదివింది లెక్కలోకి తీసుకుని
ఒక ఏడాది మాఫీ."
"మాఫీనా?"
ఆ మాట నమ్మే మొహం కాదు అతనిది.
"మా కాడ బండ కొలిచేటప్పుడు
పొడుగులో నాలుగు వేళ్ళు తీసేస్తారు.
వెడల్పులో నాలుగు.
సన్న గీత కనబడిందంటే ఇంకో జానెడు.
ఇన్నేళ్ళలో తీసేసిందంతా మనవైపే.
ఇదొక్కటి వాళ్ళవైపు తీస్తన్నారా?
సరిగ్గా చదువు అబ్బాయా."

నేను చదవబోయా. కెజియా వేళ్ళు మడిచింది.
"ఇంటర్ రెండేళ్ళు, మొదటి సంవత్సరం ఒకటి. వాళ్ళకి మూడు.
డిప్లొమా మూడు. నాకూ మూడే.
మాఫీ ఏం లేదు నాన్నా. సరికి సరి."
కాసేపాగి,
"కాకపోతే ఆ మొదటేడు లెక్కలు
నాకెవరూ చెప్పరు.
రాత్రిళ్ళు నేనే పట్టుకోవాల."

"అదీ," అన్నాడు యేసోబు,
పోయిన వస్తువు దొరికినంత నెమ్మదిగా.
"నాలుగు వేళ్ళు."
తర్వాత ఇంకేం అనలా.
కూతురు కాకినాడని ఒంగోలు పైకి జరుపుతుంటే
తెర వైపు చూసి, తల తిప్పి, మళ్ళీ చూశాడు.

ఓటీపీ అతని ఫోనుకే వచ్చింది.
చేయి చాచి దూరంగా పట్టుకుని
ఎర్ర రంగుతో బండ మీద రాసిన నంబరు
క్రేను డ్రైవరుకి అరిచి చెప్పినట్టు చెప్పాడు:
"మూడూ! తొమ్మిదీ! తొమ్మిదీ! సున్నా!"
బయట వరసలో ఉన్నోళ్ళందరికీ వినబడింది.
ఆ పిల్ల నవ్వాపుకోలేక పుస్తకం మొహానికడ్డం పెట్టుకుంది.
ఫ్రీజ్ నొక్కా.

ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టి పోయారు.
కుర్చీలో ఇంకో పిల్లోడు కూర్చున్నాడు,
మీసం సరిగ్గా రాలేదు.
"అన్నా, నాకు ఛాన్స్ ఎంత?"
డెబ్బై నాలిక చివర దాకా వచ్చింది.
లారీ పోతోంది, అద్దం వణుకుతోంది.
అది ఆగిందాకా ఆగి
"పోయినేడు ఎంతకి ఆగిందో చూశావా?" అన్నా.