కాటా మీద దుంప

చుట్టుగుంట దాటకముందే
ముక్కుకి తెలిసిపోద్ది, ఇవాళ యార్డుకి సరుకెంతొచ్చిందో.
ఇరవై రెండేళ్లుగా టిక్కీలు తూస్తున్నా.
నలభై రెండు మూడొందలు.
ముప్పై తొమ్మిది తొమ్మిదొందలు.
అంకె అరవడం, రాయడం, తుమ్మడం.
ఇదే ఉద్యోగం.

కడుపు మాత్రం ఎప్పుడూ తూచని బస్తా.
పండుమిరప పచ్చడి, గుట్టగా అన్నం, పైన రెండు టీలు,
మూడింటికల్లా గుండెల్లో పొయ్యి.
మూడో రోజుకి గానీ కదలని పొద్దుటి పని.
నిరుడు వాటికి సుగరు తోడైంది.

పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
చీటీ చూసి, "చిలగడదుంపలు తింటావా బాబాయ్" అంది.
తియ్యదుంప! సుగరోడికి!
ఆవిడ చదువు మీదే అనుమానమొచ్చింది.
"కాల్చినవి కాదు, ఉడకేసినవి. తొక్కతో.
అన్నం మీద కాదు, అన్నం బదులు.
నూటయాభై గ్రాములు. తూచుకో."

తూచుకోమంది. నన్ను.

గేటు పక్కన మస్తాన్‌బీ డేగిసా మూత తీస్తే
ఆవిరి, మట్టి వాసన, కుప్ప ఇరవై.
కాటా లేదు ఆమె దగ్గర.
"మిరగాయలు తూచి తూచి నోటిక్కూడా కాటా కట్టుకున్నావా" అని నవ్వింది.
ఓ దుంప తెచ్చి మా పెద్ద కాటా మీద పెట్టా.
సున్నా.
క్వింటాళ్లు మోసే యంత్రానికి
నా మధ్యాహ్నం కనపడలేదు.

పట్నంబజారులో అవుసలి బ్రహ్మలింగం
బంగారం తూచే తక్కెట్లో పెట్టాడు.
నూట అరవై రెండు.
తోక తుంచి తనే తినేశాడు, కూలి కింద.
అప్పట్నుంచి నా అరచెయ్యే కాటా.

నెల తిరిగేసరికి
పొద్దుటి పని పొద్దున్నే అయిపోతుంది,
పైకి చెప్పుకోలేని సుఖం.
మూడింటి పొయ్యి ఆరలేదు గానీ సెగ తగ్గింది.
సుగరు దిగింది.
దుంప వల్లో, మానేసిన రెండో టీ వల్లో,
బస్సెక్కకుండా నడిచి రావడం వల్లో
ప్రమాణం చేసి చెప్పలేను. మాత్ర మానలేదు.
ఓ పెళ్లిలో బెల్లం పాకం పట్టిన ముక్కలు ఐదు తిన్నా.
మర్నాటి అంకె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

హమాలీ ఏసోబు అరకిలో మింగి
అరవై టిక్కీలు లారీకెక్కిస్తాడు, వాడికేమీ కాదు.
మస్తాన్‌బీ మాత్రం ఒక్క ముక్క ముట్టదు.
"కిడ్నీలో రాళ్లు బాబూ. వద్దన్నారు."
తెల్లారి నాలుగింటికి లేచి ఉడకేసేది ఆమె.

చేతులు ఎంత తోమినా గోళ్ల సందుల్లో ఘాటుంటుంది.
మొదటి ముక్క పెదాల మీద మండుద్ది.
రెండోది తియ్యగా దిగుద్ది.

నిన్న అడిగింది, "ఎంతుంది?"
చేతిలో దుంపని అటూ ఇటూ ఊపి
"నూట నలభై ఎనిమిది" అన్నా.
"పర్లే, బాగా తగ్గింది" అంది,
డేగిసా మీద మూత పెడుతూ.