తల కొలత

కరెంటు పోయిన రాత్రే అదీ పోయింది.
తెల్లారి జిరాక్సు మిషన్ కింద ఊడుస్తుంటే
చీపురుకి తగిలింది,
వేలెడంత, బిరుసుగా,
ఒంటి రంగులు ఇంకా పూర్తిగా దిగకుండా.
చీమలు అప్పటికే కంటి దగ్గర పని మొదలెట్టాయి.

ఆమదాలవలస స్టేషన్లో, పార్సిలాఫీసు ముందు
రెండు గంటలు కూర్చుని తెచ్చుకున్న చేప.
చెన్నై నుంచి గాలి నింపిన సంచీలో వచ్చింది,
ఆటోలో నాతోపాటు కుదుపులన్నీ తిన్నది.
నీళ్ళు కళింగపట్నానివి,
వంశధార కలిసే చోటు దాటిపోయి
ఉప్పు చిక్కగా ఉన్నచోట క్యాన్లతో ముంచినవి.
పగడాలకి వెలుతురు కావాలని
నీళ్ళు వేడెక్కకూడదని
తొట్టి మీద మూత పెట్టలేదు నేను.
అద్దం మూసేస్తే పగడం పాలిపోతుంది
మూయకపోతే చేప పోతుంది.
పాలకొండ రోడ్డులో ఈ లెక్క ఎవరినడగను?

ఆ పొద్దున్నే వచ్చాడు సూరాడ దానయ్య.
వేట నిషేధం రోజులు. భృతి కాగితాలకి
ఆధారు కార్డు రెండు పక్కలా కావాలి.
కౌంటరు మీద, కాగితంలో చుట్టినదాన్ని చూసి
"ఏటమ్మా, ఎండుసేప అమ్ముతున్నావేటి?" అన్నాడు.
నా మొహం చూసి ఊరుకున్నాడు.

తర్వాత తొట్టి చుట్టూ ఒకసారి నడిచి:
"దీని తప్పు నేదు.
సీకటి ఒక్కపాలి మీద పడితే
ఏదో పెద్ద సేప నోరు తెరిసిందనుకుంటాది, ఎగురుతాది.
సవుద్రంలో ఎగిరితే
మళ్ళీ సవుద్రంలోనే పడతాది గదా.
కింద గచ్చుంటాదని దానికెవులు సెప్పినారు?"

మర్నాడు టంగూసు కండె, సూది, వెదురు బద్ద పట్టుకొచ్చాడు.
ప్లాస్టిక్ కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కుని
మిగిలిన చేపల్లో అన్నిటికన్నా సన్నదాన్ని
చాలాసేపు చూశాడు.
"పొట్ట కొలత కాదు, తల కొలత.
తల దూరినకాడ ఒళ్ళంతా దూరిపోతాది."
బద్దని చెక్కి చెక్కి పలచన చేశాడు
చిటికెన గోరంత కన్ను పడేదాకా.

యాభై ఏళ్ళు ఆ చేతులు పెద్ద కన్నే అల్లాయట,
పిల్లచేపలు తప్పుకోవాలని,
తప్పుకున్నవి పెరిగి రావాలని.
సన్న కన్ను వేస్తే చేతి మీద కొట్టిన నాయన
గుర్తొచ్చాడేమో,
మధ్యలో ఒకసారి తనలో తను నవ్వుకున్నాడు.

పైపు దిగే మూల బెత్తెడు సందు వదిలేద్దామన్నాను.
"తొట్టంతా మూసి ఆ సందొదిలితే
సరిగ్గా ఆ సందులోంచే ఎగురుతాది.
మన బద్దకం సేపకి బాగా ఎరిక."
పైపు చుట్టూ ముడి మీద ముడి.
మేత వేయడానికి ఒక్క మూల మాత్రం కొక్కెం.
"ఏసినాక మళ్ళీ తగిలించడం నీ వొంతు."

వలకి డబ్బు తీసుకోలేదు.
జిరాక్సుకి నాలుగు రూపాయలూ
లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టాడు.

జూను మధ్యలో నిషేధం తీరి పడవలు దిగాయి.
ఆ వారంలోనే ఈదురుగాలి.
ఎవరో కాలేజీ కుర్రాడి మార్కుల లిస్టు
సగం బయటికొచ్చి మిషన్ ఆగిపోయింది.
కొట్టంతా నలుపు.
గాలి బుడగల బ్యాటరీ ఒక్కటే
గురగురమంటోంది ఎక్కడో.

టప్.

పెద్ద చప్పుడేం కాదు,
తడి వేలితో డబ్బీ మూత మీద తట్టినంత.
ఆ తర్వాత, నీళ్ళల్లో ఇంకొకటి.

"ఏమైందండీ?" అన్నాడు కుర్రాడు.
"ఏం లేదు. ఉంది" అన్నాను.

ఫోను లైటు వేయబోయి మానేశాను, మళ్ళీ బెదురుతుందని.
చీకట్లోనే తడిమాను
అంచు వెంబడి, ముడి తర్వాత ముడి, కొక్కెం దాకా.
తగిలించే ఉంది.

తలుపు సందులోంచి ఉప్పు వాసన.
గాలి తూర్పు నుంచే వీస్తోంది.
రేపు నీళ్ళకి వెళ్ళినప్పుడు
దానయ్య పడవ ఒడ్డుకొచ్చిందేమో అడగాలి.

కరెంటు వచ్చింది.
కుర్రాడి మిగతా సగం కాగితం
వెచ్చగా బయటికొచ్చింది.