బొటనవేలు

పెంచలమ్మ, యాభై రెండు, పిత్తాశయంలో రాళ్ళు.
కేసుషీటు మీద ఇంతే ఉంది.
వ్యాసర్పాడిలో వీధులూడుస్తుందన్న సంగతి
కుడి అరచేతి కాయలు చెప్పాయి.

టేబులెక్కుతూ, నా నోట తెలుగు వినగానే
చెయ్యి పట్టుకుంది:
"ఇయ్యాల నీళ్ళ లారీ వచ్చే రోజమ్మా.
నా కొడం వరసలో పెట్టేసే వచ్చినా.
ఎవురూ జరపరు గదా?"
జరపరన్నాను.

ముందు నిద్ర ఇచ్చాను, పాలలాంటి తెల్లటి నిద్ర.
ఈ క్రమం తప్పకూడదు.
రెండో మందుకు నిద్రపుచ్చడం రాదు,
నొప్పి తీయడమూ రాదు.
దానికి తెలిసిందొక్కటే, చోటు పట్టుకోవడం.

నరం చివర కబురు పుడుతూనే ఉంటుంది.
వెంట్రుక మందంలో వెయ్యో వంతు సందు దాటి
కండరం గడపలో దిగాలి.
దిగే చోటల్లా ఎవరో కొడం పెట్టి వెళ్ళారు.
ఎర్రవి, పచ్చవి, ఖాళీ ప్లాస్టిక్ కొడాలు,
నీళ్ళు పట్టుకోవు, పక్కకు జరగవు,
ఊరికే వంతు కాస్తాయి.

మణికట్టు దగ్గర తీగలంటించి
నాలుగుసార్లు తట్టాను.
నాలుగుసార్లూ బొటనవేలు లోపలికి వంగింది.
మళ్ళీ: నాలుగోది నీరసం.
మళ్ళీ: రెండే.
మళ్ళీ:

ముప్ఫై ఏళ్ళు చీపురు పట్టిన వేలు
నా చేతిలో తడిసిన గుడ్డపీలిక.

ఊపిరి ఇప్పుడు నా బాధ్యత, సంచీ నొక్కినంత.
గుండె మాత్రం తన పాటికి తను.
దాని వాకిలి వేరు, ఈ కొడాలు అక్కడ పట్టవు.
రెప్పలకు టేపు వేశాను.
ఈ గంటన్నరా ఆమె దేనికీ వద్దనలేదు.
ఇంత ఒప్పుకోలు ఎవరికీ ఇచ్చి ఉండదు.
అందుకే నాకు భయం, పదేళ్ళ తర్వాత కూడా.

రాళ్ళు గిన్నెలో పడ్డాయి. పదకొండు.
బొటనవేలు తనంతట తను రెండుసార్లు కదిలాక
విరుగుడు ఎక్కించాను.
అది కొడాలను ముట్టుకోదు.
వచ్చిన కబురును వచ్చినట్టే ఊడ్చేసేవాడు
ఆ సందులో ఒకడుంటాడు,
వాడి చీపురు కాసేపు పట్టి ఆపుతుంది.
(ఊడ్చే మనిషిని లేపడానికి ఊడ్చేవాణ్ణి ఆపడం!
మాస్కు వెనక నవ్వాను.)
కబుర్లు పోగవుతాయి, తోసుకుంటాయి,
ఒక్కో కొడం దొర్లిపోతుంది.

తట్టాను. ఒకటి, రెండు, మూడు.
నాలుగోది వచ్చిందా, నా వేలే వణికిందా?
సర్జన్ గడియారం చూశాడు.
చూడనీ.
ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను,
నాలుగూ ఒకే బరువుతో వంగేదాకా.

గొట్టం తీశాక దగ్గింది, తల ఎత్తింది.
"పెంచలమ్మా, నా చెయ్యి బిగించు."
బిగించింది,
నా వేళ్ళు ఒకదానికొకటి ఒత్తుకుని నొప్పెట్టేట్టు.
బొంగురు గొంతుతో అడిగింది:
"వచ్చిందా?"