క్రోటన్ తొట్టి

పదకొండేళ్లు, ప్రతి సోమవారం
ఒంగోలు కలెక్టరాఫీసు మెట్ల మీద
ఆమెకి అడ్డం నిలబడింది నేనే.
కనిగిరి అవతల నుంచి తొలి బస్సుకి వచ్చేది మాలకొండమ్మ.
చంకలో అర్జీల సంచి, చేతిలో సీసా,
సీసాలో వాళ్ల ఊరి బోరు నీళ్లు.

"సారుని ఒక్క గుక్క తాగమను అబ్బయా,
ఇంకేం అడగను" అనేది.

అర్జీ లోపలికి పంపేవాణ్ణి.
నీళ్లు మాత్రం
వరండాలో క్రోటన్ తొట్టిలో పోసేవాణ్ణి.
సీసా కడిగిచ్చేవాణ్ణి కూడా, మర్యాదకి.

ఈ శ్రావణంలో జీవో వచ్చింది.
జిల్లా ఉత్సవాల సంఘానికి
గౌరవాధ్యక్షురాలట.
జెండా పండక్కి పావురాన్ని వదలాలి,
పొగాకు రైతుల సభలో దీపం ముట్టించాలి,
గిత్తల పోటీలో రిబ్బను కత్తిరించాలి.
తెల్ల కారు.
దాని తలుపు తీయడానికి డఫేదారు, అంటే నేను.

బాధ్యతలు తీసుకున్న రోజు
జాయింటు కలెక్టరుగారు బంతిపూల దండ ఎత్తారు.
ఆమె తల వంచలేదు.
"కుర్చీ ఎక్కకముందే పొగరు చూడు"
నా వెనక గుమాస్తా గొణిగాడు.
ఆ మెడ ఆఖరిసారి వంగి తొమ్మిదేళ్లయింది.
పక్కవాణ్ణి చూడాలంటే
మనిషి మనిషంతా తిరగాలి.
అయ్యగారే మునివేళ్ల మీద లేచి వేశారు.

బల్ల మీద మూత తీయని మినరల్ వాటర్ బాటిల్.
వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.
తర్వాత నన్ను పిలిచింది.
"ఏందబ్బయా, ఈ కుర్చీకి సంతకం ఉందా?"
లేదమ్మా.
"సీలు?"
అదీ లేదమ్మా. శాలువా ఉంది.
నవ్వింది.
ఆ పళ్ల మీది గోధుమరంగు చారలు
అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

నిన్న సోమవారం.
తెల్ల కారు గేటు బయటే ఆపించింది.
శాలువా సీట్లో వదిలేసి
వరుసలో నిలబడింది,
పామూరు నుంచి పింఛను కోసం వచ్చిన ముసలాయన వెనక.
టోకెను నలభై మూడు.
చేతిలో అదే సీసా.

చెయ్యి నుదుటికి లేపాలో
సీసా కోసం చాచాలో తెలీక
తొట్టి వైపు చూశాను.
మొక్క ఎప్పుడు చచ్చిందో,
తీసి పారేయాలని ఎవరికీ తోచలేదు.
తొట్టి అంచు చుట్టూ
సున్నం పూసినట్టు తెల్లటి గీత.
ఇన్నాళ్లూ దాన్ని రంగనుకున్నాను.

లోపల్నుంచి పిలుస్తున్నారు,
నలభై మూడు,
నలభై మూడు ఎవరు?