అక్షరానికి ఇంత

మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది:
మన పేటలో పేరుబడ్డ ఎస్పోజితోలు,
పాలరాతి పలక, అడుగున్నర ఎత్తు,
కూలి అక్షరానికి ఇంత.

నేపుల్స్‌లో మా సందుకి ఉత్తరం వస్తే
పోస్ట్‌మాన్ ఇంటిపేరు చూడనే చూడడు.
"చేపల ఎస్పోజితోనా, కుంటి ఎస్పోజితోనా,
రెండు పెళ్ళిళ్ళ ఎస్పోజితోనా?" అని
కిందనుంచే కేకేస్తాడు.
నేను సుత్తి ఎస్పోజితోని.

ముందు ఆనియెల్లోని చెక్కాను.
బాక్సింగులో మూడుసార్లు ముక్కు విరిగినవాడు.
గెలిచింది ఒక్కసారే,
ఆ రాత్రి బాల్కనీలన్నీ గిన్నెలు వాయించాయి.
తర్వాత నున్సియాత,
కొండ నాడి పట్టుకు కూర్చున్న మనిషి.
వెసూవియస్ నిద్దట్లో దగ్గితే
ముందు ఆమెకే మెలకువ.
సాబాతో తోలు చేతితొడుగులు కత్తిరించేవాడు.
నలభై ఏళ్ళు దొరసానుల వేళ్ళు కొలిచి
సమ్మెనాడు తన పిడికిలి చూపించాడు.
రొజారియో, ఓడలో వంటవాడు.
ఎందుకు పేరుబడ్డాడో కాగితంలో లేదు,
గుమాస్తానడిగితే అతనికీ తెలీదు.
ఫిలొమేన మంత్రసాని.
నా వీపు మీద మొదటి చరుపు ఆమెదే.

అడుగున ఎర్రసిరాతో ఒక ముక్క:
"ఇంటిపేరు పైన ఒక్కసారి చాలు. ఖర్చు కలిసొస్తుంది."

చూసేవాళ్ళు ఒకే కుటుంబం అనుకుంటారు.
వేలు విడిచిన చుట్టరికమైనా లేదు మాకు.
ఆ మాటకి అర్థం, బయట వదిలినది.
అనాథాశ్రమం గోడలో చెక్క చక్రం ఉండేది.
వీధిలోంచి పెడితే లోపలికి తిరిగేది.
గంట కొట్టి,
వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు.
సన్యాసిని దీపం తెచ్చి పుస్తకంలో రాసేది:
తేదీ, చుట్టిన గుడ్డ రంగు,
మెడలో సగానికి విరిచిన పతకం,
ఆపైన ఈ ఎనిమిది అక్షరాలు.
ఇల్లు లేనివాళ్ళకి
అలా ఇచ్చారు, ఇంటిపేరు.

మా ముత్తాత ముత్తాతది, ఆ పతకం సగం,
నా ఉలుల డబ్బాలో ఉంది.
రెండో సగం ఎవరి డబ్బాలో ఉందో,
వాళ్ళ ఇంటిపేరేమిటో.

ఎర్రసిరా మాట నేను వినలేదు.
ప్రతి పేరు పక్కనా ఎనిమిదీ చెక్కాను.
ఒక్కొక్కరినీ విడివిడిగానే కదా
పెట్టి వెళ్ళింది.

చివరి అక్షరం గుండ్రనిది, సున్నాలా.
ఉలికి అదే కష్టం,
మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి.

బిల్లు ఒక్కసారికే వేశాను.
మిగతావి నావి.