ఎడమ వెనక మూల

రాత్రి తిన్నగా నిలబెట్టిన బండి
తెల్లారేసరికి ఎడమ తుంటి మీద చతికిలబడింది.
డాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం.

ఉలాన్‌బాతర్. మైనస్ ముప్ఫై నాలుగు.
బొగ్గుపొగలో సూర్యుడికీ ఆ దీపానికీ పెద్ద తేడా లేదు.

గనుల కంపెనీ బండి. నేను డ్రైవర్ని.
మంత్రిగారి గేటు ముందు అది వంగి నిలబడితే
ఎంఖ్‌జర్గల్ మేడమ్‌కి నామోషీ.

మొదటి గ్యారేజీ ఎయిర్ బ్యాగు మార్చింది.
రెండోది కంప్రెసర్
(మేడమ్ డబ్బే. నా జీతంలో ఎన్ని నెలలో లెక్కేసుకున్నది మాత్రం నేను).
మూడోవాడు గొట్టం గొట్టానికీ సబ్బునీళ్లు కొట్టాడు,
ఒక్క బుడగ రాలేదు.
అయినా వాల్వులు మార్చాడు.

వెచ్చటి షెడ్డులో ప్రతిసారీ
బుద్ధిగా నాలుగు కాళ్ల మీదా నిలబడేది,
డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం జారిపోయే పిల్లలా.
బయటికొచ్చిన రెండో రోజుకి మళ్లీ కుంటి.

నాలుగోవాడు చిమెద్‌దోర్జ్.
షట్టర్ ఎత్తబోయి ఆగాడు.
"లోపలికొద్దు. చలిలో వచ్చే జబ్బు చలిలోనే చూడాలి."
మంచులో గొర్రెతోలు పరిచి కిందికి దూరాడు.

"నిన్న ఎక్కడ తిప్పావు?" కాళ్లు అడుగుతున్నట్టుంది.
"నది దాటాను. గడ్డ మీద నీళ్లు పొంగి ఉంటే ఎత్తు పెంచి."
"తర్వాత దించావు."
"దించాను."
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, టక్.

అతని అరచేతిలో బురద కలిసిన మంచుగడ్డ.
చక్రం పక్కన నా బొటనవేలంత కమ్మీ,
ఎంత ఎత్తున ఉన్నామో బండికి చెప్పే సెన్సర్ చెయ్యి.
పైన ఉండగా గడ్డకట్టింది.
బండి దిగినా తను దిగలేదు.
ఇంకా ఎత్తే, అంది.
బండి గాలి వదిలింది.
ఇంకా ఎత్తే.
ఇంకా వదిలింది.

ఎక్కడా కారలేదు.
విన్న మాట ప్రకారం
ఉన్న ఊపిరంతా తనే వదిలేసింది.

చక్రం మీది ప్లాస్టిక్ పగిలిన చోట
పాత టైరు ముక్క కోసి నాలుగు స్క్రూలు బిగించాడు.
ఇంజను ఆన్ చేశాను.
మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచే మనిషిలా
ఆ మూల లేచింది.

ఒక పూట భోజనం ఖరీదు తీసుకున్నాడు.
బిల్లు రాయమంటే, "ఏమని? మంచు తీశాననా?"

మేడమ్ నమ్మలేదు.
ఇంత చవగ్గానా, పెద్ద గ్యారేజీలో చూపించు, అంది.
అక్కడ వేడిగాలి. తోలు సోఫా. పాలు పోసిన టీ.
స్కానర్ ఏ తప్పూ లేదంది.
ఆ మాటకి రంగుకాగితం మీద బిల్లు ఇచ్చారు.

మేడమ్ సంతకం పెట్టింది.