నూనె పద్దు

త్బిలిసి మెట్రోలో, నేలకి చాలా అడుగున,
ఎస్కలేటర్ ఆగే చోట ఒక గాజు గది ఉండేది.
ఇరవై రెండేళ్లు అందులో కూర్చుంది లమారా.
ఒక టెలిఫోను, ఒక ఎర్ర మీట,
చలికాలం మోకాళ్ల మీద గళ్ల దుప్పటి.
పని: దిగేవాళ్లని చూడటం.
నియామకపు కాగితంలో ఉన్నదంతా అంతే.
ఆ ఫైలు నా దగ్గరే ఉంది.

సిబ్బంది విభాగంలో నాది శిక్షణ బల్ల.
కిటికీ లేదు. కెటిల్ ఉంది.
గాజు గదులు తీసేసి
పైన హాల్లో పదహారు తెరలు పెడుతున్నాం,
పదకొండు మందికి ఆరు వారాల్లో
నేర్పు, అని నాకు ఆజ్ఞ వచ్చింది.
నేర్పు అప్పటికే వాళ్ల దగ్గరుందని
ఆజ్ఞ రాసినవాళ్లకి తెలియదు.
నాకు మాత్రం తెలుసా ఏమిటి.

మొదటి రోజు లమారా కోటు విప్పలేదు.
మౌస్‌ని వేడి గిన్నె మూతలా
రెండు వేళ్లతో పట్టుకుంది.
"నాయనా బెసో, ఈ మనుషులకి కాళ్లేవీ?"
తెరల నిండా టోపీలు, బట్టతలలు, గొడుగు కొసలు.
పడబోయేవాడు ముందు మడమలో పడతాడట,
ముఖానికి ఆ కబురు ఆలస్యంగా అందుతుందట.
తాగినవాడి బూటు మెట్టుని అడిగి మరీ దిగుతుందట.
ఏడ్చి వచ్చినవాళ్లు
మెట్టు అంచు దాటి నిలబడతారట;
వాళ్లు నేల మీదికి వచ్చేదాకా
ఆవిడ చెయ్యి మీట మీదే ఉండేదట.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది:
అనుభవం గెలిచింది, పంతులు ఓడాడు, చప్పట్లు.
కానీ లమారా పరీక్ష తప్పింది.
రెండోసారీ తప్పింది.
మడమలు చదివిన మనిషికి
ఏడో తెరని పెద్దది చేయడం రాలేదు,
ఏ స్టేషన్‌కి ఏ మీటో తడుముకుంది.
ఆ తడుములాటలో
కింద ఎవరి మఫ్లరో పళ్లలో ఇరుక్కుంటుంది.

గులికో నాలుగో వారం నుంచి రాలేదు.
ఆవిడ ఫైలు మీద "వైదొలగినది" అని
రాసింది నేనే.
ఆ మాట రాయడానికి
ఎవరూ నాకు శిక్షణ ఇవ్వలేదు.

తర్వాత సాయంత్రాలు మిగిలాయి.
షిఫ్టు దిగి వచ్చేది, కమలాలు ఒలిచేది,
తొక్కలు నా పాఠం కాగితాల మీదే పెట్టేది.
కెమెరాలు కిందికి దించమని నేను మూడు ఉత్తరాలు రాస్తే
రెండు కెమెరాలు దిగాయి.
తెరలకి అంకెలు చాలు అనుకున్న నేను
స్టేషన్ల పేర్లు చేత్తో రాసి అతికించాను.
మూడోసారి డెబ్బైకి డెబ్బై ఒకటి.
ఆ ఒక్క మార్కు ఎక్కడిదని అడిగింది.
"కమలాలది," అన్నాను. నవ్వలేదు,
కాగితం తిప్పి చూసుకుంది.

లెక్కల విభాగంలో ఎతెరి అంటుంది:
మెట్ల గొలుసుకి వేసే నూనె సంరక్షణ పద్దు,
మనుషులకి నేర్పేది అదనపు ఖర్చు,
వచ్చే ఏడు సగానికి సగం కోత.
గొలుసు ఎండిపోతే కీచుమంటుంది ఎతెరీ,
మనిషి ఎండిపోతే
సమయానికి వచ్చి సమయానికి వెళ్లిపోతాడు,
మనకి వినపడదు, అన్నాను.
పెన్ను మూత పెట్టి
"కవిత్వానికి పద్దు లేదు," అంది.

నవంబరులో ఒక రాత్రి, పదకొండు దాటాక,
పదో తెరలో ఎవరో జారారు.
మెట్లు ఆగాయి. ఒక మోకాలు గీసుకుంది, అంతే.
పాత లాగ్‌బుక్కులు ఇరవై రెండేళ్లవి తిరగేశాను:
"ఆపబడినది." "ఆపబడినది." "ఆపబడినది."
ఎవరు ఆపారో ఎక్కడా లేదు.
ఈసారి లమారా తనే టైపు చేసింది,
రెండు అక్షర దోషాలతో:
"నేను చూశాను. నేను ఆపాను."
ఎలా గుర్తించారు అన్న గడిలో ఒకే మాట:
"మడమ."

దాన్ని ప్రింటు తీసి
బడ్జెట్ ఫైలుకి గుండుసూదితో గుచ్చాను.
ఏ పద్దు నంబరు వెయ్యాలని
ఎతెరి రోజూ ఫోన్ చేస్తోంది.